నిరక్షరుల తర్కము – లూరియా తీర్పు

సోవియట్ మనశ్శాస్త్రజ్ఞుడగు అలెగ్జాండరు లూరియా 1931, 1932 సంవత్సరములలో ఉజ్బెకిస్తాన ప్రాంతములకు బోయి, చదువెఱుగని కర్షకుల యాలోచనారీతిని బరీక్షించెను. ఆ పరిశోధనము 1974వ సంవత్సరమునగాని సమగ్ర గ్రంథరూపమున వెలువడలేదు. బుద్ధి పుట్టుకతోడనే యేర్పడి నిలిచిపోవునది గాదనియు, జీవనవిధానముతోడ మాఱుననియు జాటిన యీ గ్రంథము గౌరవార్హమే. కాని దాని తీర్పు విమర్శింపదగియున్నది.

మంచు గల దూరోత్తరమున నెలుగుబంట్లన్నియు తెల్లనివి; నోవయా జెమ్ల్యా దూరోత్తరమున నున్నది; అచటి యెలుగుబంట్ల రంగేమి? ఇది ప్రశ్న. తాము చూడనిదానిని జెప్పజాలమనియు, చూచినవారి నడుగవలెననియు బలువురు నిరక్షరులు బదులిచ్చిరి. కొంత చదివినవారు తెల్లనివనిరి. తెలిసిన విషయములలో నిరక్షరులు చక్కగా దర్కించుటను లూరియాయే గుర్తించెను. ఐనను అనుభవమును దాటిన తర్కము వారికింకను అలవడలేదని నిర్ణయించెను.

న్యాయశాస్త్రమును జదివినవారికీ నిర్ణయము తొందరపాటుగా దోచును. కొండపై నిప్పు గలదని సాధించు నైయాయికుడు వంటయింటిని దృష్టాంతముగా జూపును. ఆప్తవాక్యమును బ్రమాణముగా నంగీకరించును. చూచినవారి నడుగుమన్న కర్షకుడు ప్రమాణము గోరెనేగాని తర్కమును విడువలేదు. ప్రశ్నలోని మాటను నిజమని పట్టుకొని దానికి లోబడి యుత్తరమిచ్చుట బడి నేర్పెడి యలవాటు.

లూరియా అక్షరజ్ఞానమును, బడిని, సమష్టివ్యవసాయమును వేఱుపఱచి చూడలేదు. ఆ పనిని సిల్వియా స్క్రిబ్నరు, మైకేలు కోలు లైబీరియాలోని వై జాతివారియందు జేసి, 1981లో బ్రకటించిరి. వై లిపిని జనులు బడికి బోకయే నేర్తురు. ఆ లిపి వచ్చినంతమాత్రమున నిట్టి ప్రశ్నలలో నాధిక్యము గలుగలేదు. బడిచదువు గలవారే కారణములను వివరించుటలో మిన్నయైరి.

అట్లని చదువు వట్టి యలవాటు మాత్రమే కాదు. స్టానిస్లాస్ డెహేన్ ప్రభృతులు బ్రెజిలు, పోర్చుగలు దేశముల వయోజనులను బరీక్షించి 2010లో వెల్లడించినట్లు, చదువుటవలన మెదడు నెడమభాగమున లిపిని గుర్తించు తావు బలపడును. పెద్దవయసున నేర్చినవారియందును ఈ మార్పు కానవచ్చెను. ప్రకృతి యిచ్చిన మెదడునే సంస్కృతి తీర్చిదిద్దుచున్నది; ఈ రెంటిని విడదీయరాదు.

కావున చదువులేని యింటినుండి వచ్చిన బాలుడు వింతప్రశ్నకు మౌనము వహించినచో, వానిని మందబుద్ధి యని వెనుకబల్లకు బంపుట యన్యాయము. వానికి గొఱవడినది బుద్ధి గాదు, పరిచయము. దానిని గల్పించుటకే గదా బడి యున్నది!