‘చెప్పవచ్చు’ దగ్గర ఆగిపోయిన వాక్యం

2025 ఏప్రిల్ 13, ఆదివారం. కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణాసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. మాది నర్సీపట్నం. వార్త తెలియగానే ఇంటికి ఫోన్ చేసి ‘మనోళ్ళెవరైనా ఉన్నారా?’ అని అడిగాను. లేరన్నాక ఊపిరి పీల్చుకున్నాను. అలా పీల్చుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అంతకు ముందు ఏడాది ఆగస్టు 21న మా జిల్లాలోనే, అచ్యుతాపురం సెజ్‌లో, ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. అప్పుడూ ఇదే ప్రశ్న.

2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో ఒకటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020. లాయర్‌లా చదవడం నాకు రాదు. కథ చదివేటప్పుడు చూసినట్టే, ఏ వాక్యానికి కర్త ఎవరు, అతను ఏం చేస్తున్నాడు అని చూసుకుంటూ చదివాను.

పదమూడో సెక్షన్ ఉద్యోగి బాధ్యతలు, పద్నాలుగోది హక్కులు. ప్రమాదకరమైన పరిస్థితి కళ్ళబడితే పైవాళ్ళకి చెప్పడం బాధ్యత. ప్రాణాపాయం ముంచుకొస్తోందని సహేతుకమైన భయం కలిగితే యజమానికీ, ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’కీ చెప్పడం హక్కు. చెప్పకపోతే తప్పు, చెబితే హక్కు. రెండుచోట్లా చేసేది ఒకటే పని!

కార్మికుడు కర్తగా ఉన్న క్రియలు మూడే: తెలుసుకోవచ్చు, విన్నవించుకోవచ్చు, చెప్పవచ్చు. ఆ తర్వాత కర్త మారిపోతాడు. అపాయం ఉందని యజమానికి నమ్మకం కుదిరితే వెంటనే సరిదిద్దాలి. కుదరకపోతే ఇన్‌స్పెక్టర్‌కి నివేదించాలి. ఆయన నిర్ణయమే తుది నిర్ణయం.

మరి ఆ నిర్ణయం వచ్చేదాకా, భయపడిన మనిషి ఎక్కడుండాలి? గది లోపలా, బయటా? సెక్షన్ ఆ మాట ఎత్తదు.

ఈ ఖాళీ కొత్తది కాదు. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41హెచ్ సెక్షన్ కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది. అది ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలకే పరిమితం. కోడ్ ఆ హక్కుని మిగతా పనిచోట్లకీ తీసుకెళ్ళింది. ఆ మేరకు మెరుగే, కాదనను. కానీ క్రియ మాత్రం మారలేదు.

కావలసిన క్రియ 1981 నుంచీ ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడిక, పదమూడో అధికరణం: ప్రాణానికి ముప్పుందని నమ్మడానికి తగిన కారణం ఉండి పని దగ్గర్నుంచి తప్పుకున్న కార్మికుడికి, ఆ కారణంగా అన్యాయం జరక్కుండా కాపాడాలి. ‘తప్పుకోవడం’. ఆ ఒక్క మాట మన సెక్షన్‌లో లేదు.

ఆ హక్కిస్తే ఊరికే పని మానేస్తారని కొందరంటారు. ‘సహేతుకమైన’ అనే తాళం ఆ వాక్యానికి ముందే వేసి ఉంది కదా. పైగా రోజుకూలీ మీద బతికే మనిషి ఆ రోజు కూలి వదులుకుని సరదాకి లేచిపోడు.

మా ఆఫీసులో రిలీజ్ రాత్రి ఏదో తేడాగా ఉందనిపిస్తే, మొన్న చేరిన కుర్రాడైనా సరే ఆపేయొచ్చు. ఎందుకాపావని మర్నాడు తీరిగ్గా మాట్లాడుకుంటాం. మహా అయితే అక్కడ పోయేది ఓ వెబ్ పేజీ. దానికున్నపాటి రక్షణ మందుగుండు కూరే మనిషికి కూడా ఉండాలని అడగడం అత్యాశ కాదు. ముందు చెప్పి తర్వాత ఎదురుచూడమంటోంది చట్టం. ముందు బయటికి రానివ్వమనే నా గొడవంతా.