తూకానికి అందని ముక్క

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడ సందుల్లో ఉన్న పాత ఇనుము కొట్లకు సాధారణంగా రెండు రకాల మనుషులు వస్తారు. అమ్మేవాళ్లు, కరిగించడానికి కొనేవాళ్లు. ఇద్దరికీ తూకమే లెక్క. మూడో రకం వాళ్లు కొందరున్నారు. గుట్ట చుట్టూ తిరుగుతారు, ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుంటారు, తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టేస్తారు. ఆదివారాలు బోడుప్పల్ నుంచి బండి మీద వచ్చే నేను ఈ మూడో రకం. "ఎన్ని కిలోలు గావాలె సార్?" అని మొదట్లో అడిగే కొట్టాయన ఇప్పుడు ఆ మాట మానేశాడు. పళ్లు అరిగిన గేరో, వంగిన కొడవలో వస్తే నా కోసం పక్కన పెడుతున్నాడు. అతని కన్ను కూడా మెల్లగా తూకం దాటి ఆకారం మీదికి వస్తోంది. పాత ఇనుముతో బొమ్మ చేయడంలో అసలు పని అక్కడే, ఆ ఏరుకోవడంలోనే ఉందని నా నమ్మకం. వెల్డింగ్ తర్వాతి మాట.

తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. 75,000 నట్లతో 10 అడుగుల గాంధీని నిలబెట్టారు. 2021లో తుక్కు సామానుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. వార్తలన్నీ అడుగులూ టన్నులూ నట్ల లెక్కా చెప్పాయి. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. నట్టు ఆరు పలకల ముక్క, దానికి బయట ఎక్కడా వంపు లేదు. మనిషి ముఖమంతా వంపులే. ముక్కు పక్కన ఉన్నట్టుండి లోపలికి తిరిగే చోట చిన్న నట్లు కావాలి, నుదుటి మీద నింపాదిగా సాగే చోట పెద్దవి ఒప్పుతాయి. రెండు నట్ల మధ్య మిగిలే సందు కూడా నీడగా మారి ముఖంలో కలిసిపోవాలి. 75,000 అన్న అంకెను నేను అన్నిసార్లు తీసుకున్న నిర్ణయాలుగా చదువుకుంటాను.

ఇనుము అతికే ఈ విద్య కార్ఖానాలోంచి కళలోకి వచ్చింది. స్పెయిన్ శిల్పి హూలియో గొంజాలెజ్ 1918లో పారిస్ దగ్గర రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత పికాసోకు ఇనుప శిల్పాలు చేయడంలో చెయ్యందించింది ఆయనే. ఆ పికాసో 1942లో పాత సైకిల్ సీటుకు హ్యాండిల్ జోడించి ఎద్దు తల చేశాడు. రెండే ముక్కలు! చూసినవాడికి ఎద్దూ కనిపిస్తుంది, సైకిలూ కనిపిస్తుంది. రెండోది మాయం చేయకపోవడమే అందులోని గొప్ప.

ఏరడమంటే ఆకారం ఒక్కటే చూడటం కాదు, లోపల ఏముందో కూడా తెలియాలి. గుట్టలో అన్నీ ఒకే తుప్పు రంగులో ఉంటాయి. గ్రైండర్ ఆనిస్తే గుట్టు బయటపడుతుంది. మెత్తటి ఇనుము నిప్పురవ్వలు పొడుగ్గా, గీతల్లా వస్తాయి. కార్బన్ ఎక్కువున్న ఆకురాయిని ఆనిస్తే రవ్వలు చివర్లో గుత్తులుగా చిట్లుతాయి. బీడుకు పొట్టి ఎర్ర రవ్వలు. మన ఊళ్లలో కమ్మరులు లారీ కమాన్ పట్టీతోనే కత్తులూ గొడ్డళ్లూ ఎందుకు చేస్తారో ఇక్కడ తెలుస్తుంది. కమాన్ పట్టీలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం. కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. స్లాబులో వేసే సలాకలో సాధారణంగా అందులో సగానికి మించి ఉండదు, ఎంత ముంచినా పదును నిలవదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా వర్తకుల చేతుల మీదుగా దేశాలు దాటింది. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ మూసల్లో ఉక్కు చేసే ఆ పద్ధతిని రాసి పెట్టాడు. ఇనుమును చదివే కన్ను మన నేలకు కొత్త కాదు.

ఆ చదువు లేకపోతే బొమ్మ నిలవదు. బేరింగులో దాదాపు 1 శాతం కార్బన్ ఉంటుంది. మామూలు రాడ్డుతో నేరుగా అతికిస్తే టాకా పక్కనే ఇనుము పెళుసెక్కి పగులుతుంది, ఒక్కోసారి చల్లారుతుండగానే టక్కుమంటుంది. ముందు వేడి చేసి, తగిన రాడ్డు వాడి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. పాత పెట్రోల్ ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, దాని మీద ఆర్క్ కొట్టకూడదు. బండి షాక్ అబ్జార్బర్‌ను మూసి ఉండగా కాల్చకూడదు. జీఐ పైపు మీది జింకు కాలితే లేచే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలీ జ్వరం పట్టుకుంటాయి. పూత గీకేసి, గాలి ఆడే చోట పని చేయాలి. అద్దం లేకుండా ఆర్క్ చూసే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, వాళ్ల మీద కాదు, అద్దం కొనివ్వని వాళ్ల మీద.

ఆ కుర్రాళ్ల గురించే ఇంకో మాట. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ షెడ్లలో పొద్దుటి నుంచి గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తుంటారు. నేను అక్కడ కొంగ బొమ్మ చేస్తున్నప్పుడు కాళ్లకు సలాకలు వంచి నిలబెడితే ముందుకు వాలిపోయింది. పక్కన గేటు పని చేస్తున్న కుర్రాడు వచ్చి, "అన్నా, బరువంతా మెడల ఉన్నది, ఎనక తోకకు కమాన్ పట్టీ ఎయ్యి" అన్నాడు. వేస్తే నిలబడింది. పైగా ఆ పట్టీ వంపు కొంగ తోకకు ఎంతగా కుదిరిందంటే, అది లారీ కిందది అని చెప్పినా దాని చోటు అదే అనిపిస్తుంది. బరువు ఎటు పోతుందో అతనికి రోజూ గేట్లు నేర్పుతున్నాయి. గొంజాలెజ్‌కు ఫ్యాక్టరీ నేర్పినదీ ఇలాంటిదే కదా.

నాకు నచ్చనిది ఒకటుంది. చాలా చోట్ల తుక్కుతో చేసిన బొమ్మకు చివర్లో నిలువెల్లా బంగారు రంగు కొడతారు. దాంతో గేరు, చైను, స్పానరు అన్నీ ఒకే ముద్దయిపోతాయి. అలాంటప్పుడు పోత పోసుకుంటే సరిపోయేది. తుప్పును తీగ బ్రష్షుతో గీకి, పారదర్శకమైన లాకర్ పూత వేసి, ఏడాదికోసారి చూసుకుంటే చాలు, ఇనుము తన రంగులోనే ఉంటుంది.

ఢిల్లీలో 2019లో సుమారు 150 టన్నుల తుక్కుతో ఏడు ప్రపంచ వింతల నమూనాలు పెట్టి పార్కు తెరిచారు, జనం టికెట్ కొని చూస్తున్నారు. మన వైపు అక్కడిలాంటి ఈఫిల్ టవర్ అక్కర్లేదు. బోడుప్పల్ చౌరస్తాలో ఎప్పుడైనా బొమ్మ పెట్టాలనుకుంటే, టెండరు రాసేవాళ్లు మూడు షరతులు పెట్టాలని కోరుతున్నాను. సరుకు వరంగల్ రోడ్డు మీద అరిగిన బండ్లదై ఉండాలి. పని నాచారం షెడ్లకే ఇవ్వాలి. కింద పలక మీద ప్రారంభించినవాళ్లతో పాటు టాకా వేసినవాళ్ల పేర్లూ అదే సైజు అక్షరాల్లో ఉండాలి.