పట్టె, కపోతం, పిట్టగోడ

పాత ఇళ్ళ ఫొటోల కింద వివరం రాసేటప్పుడు, గోడ మీద అడ్డంగా సాగే ప్రతి సున్నపు అలంకారాన్నీ 'కపోతం' అనెయ్యడం మనవాళ్ళకి అలవాటైపోతోంది. సంస్కృతం మాట కదా, హుందాగా ఉంటుందనేమో. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కపోతం ఏదో తెలియాలంటే మన కపాలీశ్వరుడి గుడికి వెళ్ళి తలెత్తి చూస్తే చాలు. కప్పు అంచున బయటికి వంపు తిరిగి కిందికి వాలే రాతి చూరు అది. వాన నీళ్ళని గోడకి దూరంగా పడెయ్యడం దాని పని. దాని మీద వరసగా గుర్రపు లాడాల్లా ఉండేవాటిని తమిళంలో 'కూడు' అంటారు, అంటే మన గూడే. పావురం, దాని మీద గూళ్ళు! పేర్లు భలే కుదిరాయి.

మాడవీధుల్లో మిగిలిన మిద్దెల మీద, రెండు అంతస్తుల మధ్య బల్లపరుపుగా సాగే వరసకి ఆ వంపూ లేదు, ఆ పనీ లేదు. మా ఇల్లు బాగుచేసిన తెలుగు మేస్త్రీ దాన్ని 'పట్టె' అనేవాడు. పక్కన తమిళ కూలీ 'పట్టై' అనేవాడు. ఇద్దరికీ ఎప్పుడూ తగువు రాలేదు. సంస్కృతమే కావాలంటే, గుడి అధిష్ఠానంలో బల్లపరుపు వరసకి 'పట్టిక' అని పేరు ఉండనే ఉంది. నేను బ్యాంకులో చూసిన వాల్యుయేషన్ రిపోర్టుల్లో అన్నీ 'కార్నీసు'లే. అది గోడ నెత్తిన ఉన్నదానికి చెల్లుతుంది గానీ నడుముకి కాదు.

కపోతానికి తెలుగే పిట్టగోడ అని ఇంకో వాదం. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ పిట్టకథలో పిట్ట ఎగరదు కదండీ! అది పొట్టి కథ, ఇది పొట్టి గోడ.

ఇంత పట్టింపు ఎందుకంటారా? పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబర్ 15న ఈ మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తిగారింట్లో ప్రాణం విడిచారు. మరుసటి ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. తరవాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలు వేయించింది. బూదరాజు రాధాకృష్ణగారు ఇళ్ళు కట్టేవాళ్ళ మాటలకే ఒక సంపుటం కేటాయించారు. గొప్ప పని. కానీ అవి ఆ రాష్ట్రపు జిల్లాల మాటలు, మన మేస్త్రీలవి కావు. మనం రాసుకుంటేనే ఉంటాయి. ఫొటో కింద 'కపోతం' అని పెడితే, ఇల్లు కూలాక ఆ తప్పే మిగులుతుంది.

మా మేస్త్రీ పోయాడు. కొడుకు దాన్ని 'ఎలివేషన్ బార్డర్' అంటున్నాడు. అదీ రాసి పెట్టుకున్నాను.