కొలిమి దగ్గర అయస్కాంతం

పోయిన ఆదివారం ఏటికొప్పాక వెళ్లినప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది. బొమ్మల పనికి లారీ కమానుపట్టీతో కొత్త ఉలి చేయిస్తున్నారు. కొలిమి దగ్గరి కుర్రాడు ఎర్రగా కాలిన ఉలిని పట్టుకారుతో ఎత్తి పాత స్పీకర్ అయస్కాంతానికి ఆనించాడు. అతుక్కుంది. మళ్లీ నిప్పుల్లో పెట్టి తీశాడు. ఈసారి అతుక్కోలేదు.

కంటికి తెలిసినంత పరికరానికి తెలియదని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ఆ నమ్మకం నాకు ఈ ఊరే ఇచ్చింది. లేత్ మీద అంకుడు కొయ్య గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క మెత్తబడి కొయ్యను పట్టుకుంటుంది. చెయ్యి తేలికైతే రంగు ఎక్కదు, బరువైతే చారలు పడతాయి. ఎంత నొక్కాలో మణికట్టుకే తెలుసు. ఉష్ణమాపకం పెట్టి పని చేసేవాళ్లను వరాహ నది ఒడ్డున నేను చూడలేదు.

అదే మాట కుర్రాడి తండ్రితో అన్నాను. "మిట్టమజ్జాన్నం ఎరుపు ఎక్కడ కనబడతాది బావూ" అన్నాడాయన. నిజమే. చీకట్లో చెర్రీపండులా మెరిసే ఉక్కు ఎండలో మసిబారినట్టుంటుంది.

మరి రెండోసారి ఉలి అయస్కాంతానికి ఎందుకు అతుక్కోలేదు? ఇనుములో ఒక్కో పరమాణువూ చిన్న అయస్కాంతమే. పక్కవాటితో కలిసి ఒకే వైపు తిరిగి నిలబడతాయి. వేడి వాటిని కుదిపేస్తుంది. స్వచ్ఛమైన ఇనుములో 770 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ వరస చెదిరిపోతుంది. నికెల్‌లో 358 దగ్గరే. 1895లో పియరీ క్యూరీ దీన్ని కొలిచి చూపించాడు. ఆ హద్దు పైనుంచి లోహం చల్లారుతూ వస్తే, బయటి అయస్కాంతానికి లొంగే గుణం, అంటే ససెప్టిబిలిటీ, అంతకంతకు పెరుగుతుంది. హద్దుకు 100 డిగ్రీల దూరంలో ఉన్నదానికంటే 10 డిగ్రీల దూరంలో పది రెట్లకు పైగా ఉంటుంది. వరస తప్పిన పరమాణువులు మళ్లీ గుంపులు కట్టడం అప్పటికే మొదలైందన్నమాట.

మన వంటింట్లోనూ ఇదే పని జరుగుతోంది. కరెంటు కుక్కర్‌లో నీళ్లు ఇగిరి అడుగు వేడి వందకు పైకి పోగానే, లోపలున్న ప్రత్యేక పదార్థం అయస్కాంతాన్ని వదిలేస్తుంది. టక్కుమని మీట పడుతుంది. అన్నం అయింది.

ఉక్కు అంత సులువు కాదు. అందులో కార్బన్ వల్ల లోపలి అమరిక కూడా మారుతుంది కాబట్టి ఆ 770 అంకె అటూ ఇటూ అవుతుంది. పైగా కమానుపట్టీని అయస్కాంతం వదిలాక ఇంకొంచెం కాల్చాలి. ఆ కొంచెం ఎంతో కుర్రాడు అయస్కాంతాన్ని అడగలేదు. రంగు చూసి, నూనెలో ముంచాడు. తర్వాత ఆ మొన మీద ఆకురాయి జారిపోయింది, గీత పడలేదు.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. కంటికి గురి చూపించేది ఒకటి ఉండాలి. ప్రతి కొలిమి పక్కనా మేకుకు ఒక అయస్కాంతం వేలాడదీయండి. పాడైన స్పీకర్‌లోది చాలు.