ఒకే కంప్యూటర్‌లో నేర్పే ఆన్‌లైన్ ఆట

నలుగురు నాలుగు ఇళ్ళలో కూర్చుని కలిసి ఆడే వీడియో గేమ్ ఎలా తయారు చెయ్యాలో నేర్పే పాఠాలు నెట్‌లో కొల్లలు. నేను సెలవుల్లో చూసిన వీడియోల్లో చాలావరకు ఒకే చోట ఆగిపోయాయి. గేమ్‌ని ఒకే కంప్యూటర్‌లో రెండు విండోల్లో తెరుస్తారు. ఒకదాంట్లో బొమ్మ కదిలితే రెండోదాంట్లోనూ కదులుతుంది. అయిపోయింది, లైక్ చెయ్యండి అంటారు. అసలు కష్టం మొదలయ్యేదే అక్కడ! ఒకే కంప్యూటర్ లోపల కబురు వెళ్ళడానికి సమయమే పట్టదు కదా.

మన బెంగళూరు నుంచి సింగపూర్ సుమారు 3,200 కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ అక్కడుంటే, మనం నొక్కిన బటన్ కబురు వెళ్ళి రావడానికి ఎంత లేదన్నా 32 మిల్లీసెకన్లు. మొబైల్ సిగ్నల్ సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. మన ఊళ్ళోని మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ వాళ్ళ లూడో క్లబ్ లాంటి ఆటకి ఇదొక లెక్క కాదు, పాచిక వేసేవాడి కోసం అందరూ ఎలాగూ ఆగుతారు. పరుగులు, కాల్పులు ఉండే ఆటకైతే చాలా తేడా పడుతుంది.

ఈ ఆలస్యం మీదే గాబ్రియేల్ గాంబెట్టా రాసిన 'ఫాస్ట్ పేస్డ్ మల్టీప్లేయర్' వ్యాసాలు నాకు అన్నిటికన్నా నచ్చాయి. ఆటగాణ్ణి నమ్మొద్దు అని మొదలుపెడతాడు. బొమ్మ ఎక్కడుందో తేల్చేది సర్వరే, ఆటగాడు "కుడికి జరుపు" అని అడగాలంతే. వ్యాసాలతో పాటు ఒక డెమో ఉంది. అందులో మొదటి ఆటగాడు, సర్వర్, రెండో ఆటగాడు ముగ్గురూ చూసేది విడివిడిగా కనబడుతుంది. ఆలస్యం ఎంతో మనమే అంకె వేసుకోవచ్చు. పెద్ద అంకె వేసి బటన్ నొక్కితే బంతి కాసేపు కదలనే కదలదు. ప్రెడిక్షన్ దగ్గర టిక్ పెడితే వెంటనే కదులుతుంది, కానీ మధ్యమధ్య వెనక్కి గెంతుతుంది. రికన్సిలియేషన్‌కి కూడా టిక్ పెడితే ఆ గెంతులు పోతాయి. నాలాంటి తెలుగు మీడియం వాళ్ళకి ఆ రెండు మాటలూ నోరు తిరగవు గానీ, ఆ రెండు టిక్కులతో విషయం అర్థమైపోయింది.

లోపాలు లేవని కాదు. ఆ బంతి ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతుంది, దేన్నీ గుద్దుకోదు. మెజెస్టిక్ దగ్గర బస్సులో ఆడుతుంటే సిగ్నల్ పోయిందనుకోండి, అప్పుడు ఆట ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. దారిలో పోయిన కబుర్ల సంగతి కావాలంటే గ్లెన్ ఫీడ్లర్ వ్యాసాలు చదవాలి. పోయిన పాత కబురు కోసం ఆగకుండా కొత్తదాన్ని అందుకోవడం ఆటకి ఎందుకు మంచిదో బాగా చెప్పాడు. కోడ్ అంతా సి ప్లస్ ప్లస్‌లో ఉంది, మా తరగతికి కొరకరాని కొయ్యే.

గాంబెట్టాతో నాకు పేచీ నాలుగో వ్యాసం దగ్గర. నేను గోడ చాటుకి వెళ్ళిపోయాను, కానీ ఆలస్యం వల్ల శత్రువు తెరమీద ఇంకా బయటే ఉన్నాను. అతను కాల్చాడు. సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి, అతనికి కనబడిందే లెక్కలోకి తీసుకుని, నేను చచ్చాను అంటుంది. గురి కుదిరిన దెబ్బ తప్పిపోవడం కన్నా ఇదే నయమని గాంబెట్టా ఒకటి రెండు మాటల్లో తేల్చేశాడు. కాల్చేవాడికి నయమే. దాక్కున్నవాడి సంగతేంటి? ఆలస్యం ఎంత దాటితే సర్వర్ వెనక్కి చూడటం మానెయ్యాలి? డెమోలో తుపాకీ లేదు, గోడా లేదు. ఉండి ఉంటే అంకెలు మార్చుకుంటూ రెండు వైపులా మనమే ఆడి చూసుకునేవాళ్ళం.