హత్య లేని స్టాగర్ లీ

లాయిడ్ ప్రైస్ పాట నేను మొదట విన్నది బళ్ళారిలో, బ్యాంకులో నాతో పనిచేసిన మిత్రుడి క్యాసెట్టులో. మాటలు సగం అర్థం కాలేదు. గొంతు మాత్రం వదల్లేదు.

1952లో న్యూ ఆర్లియన్స్‌లో ‘లాడీ మిస్ క్లాడీ’ పాడేనాటికి ఈ నల్లజాతి గాయకుడికి పందొమ్మిదేళ్ళు. పియానో మీద ఫాట్స్ డొమినో వేళ్ళు పరుగులు పెడుతుంటే ఇతను తొందరపడడు. కుర్రవాడి గొంతు, మెరుగులు లేవు. పాదం చివర స్వరాన్ని విడవలేక విడిచినట్టుంటుంది. నా దృష్టిలో అతని పాటల్లో దీన్ని మించింది లేదు.

తర్వాత సైన్యం పిలుపు వచ్చింది. తిరిగొచ్చేసరికి పాత కంపెనీలో లిటిల్ రిచర్డ్ వెలుగుతున్నాడు. ప్రైస్ అక్కడే చెయ్యి చాచి నిలబడలేదు. హెరాల్డ్ లోగన్ వంటివారితో కలిసి వాషింగ్టన్‌లో సొంత కంపెనీ పెట్టాడు. 1957లో ‘జస్ట్ బికాజ్’ తామే రికార్డు చేసి, ఏబీసీ-పారమౌంట్‌కు లీజుకిచ్చారు. కామర్స్ చదివినవాణ్ణి, ఆ తెలివికి ముచ్చటపడకుండా ఉండలేను. పాటకు కూలి పుచ్చుకుని వెళ్ళిపోయిన గాయకులే ఎక్కువైన కాలమది!

అయితే సొంతదారుడైనంత మాత్రాన పాట అతని చేతిలోనే ఉందా? 1895లో సెయింట్ లూయిస్‌లో టోపీ తగాదాలో లీ షెల్టన్ అనేవాడు బిల్లీ లయన్స్‌ను కాల్చి చంపాడు. ఆ జానపద గాథే ప్రైస్ ‘స్టాగర్ లీ’. 1959లో అది అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. కానీ టెలివిజన్‌లో డిక్ క్లార్క్ కార్యక్రమం కోసం హత్యను తీసేయవలసి వచ్చింది. మార్చిన పాఠంలో ఇద్దరూ ఒక అమ్మాయి కోసం గొడవపడి, చివరికి రాజీపడతారు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి, కత్తి పక్కన పెట్టి, కుశలమడిగి వచ్చాడని బుర్రకథ చెబితే మనం కూర్చుంటామా? కోరస్ కేకలూ శాక్సఫోన్ ఉరుకులూ అలాగే ఉన్నాయి, ఎందుకు ఉరుకుతున్నాయో తెలియదు.

అదే ఏడు వచ్చిన ‘పర్సనాలిటీ’ హుషారైన పాటే. నాకు పలచగా తోస్తుంది. నిర్మాతగా అతని చెవిని మాత్రం తక్కువ చేయలేం: లోగన్‌తో పెట్టిన డబుల్ ఎల్ సంస్థే 1963లో విల్సన్ పికెట్ సోలో రికార్డులు తెచ్చింది.

2021లో ప్రైస్ పోయాడని చదివాక ‘స్టాగర్ లీ’ రెండు పాఠాలూ వరసగా పెట్టుకున్నాను. రెండోది సగంలో ఆపేసి ‘మిస్ క్లాడీ’ విన్నాను.