మస్కి శిల, మూసంగి వార్త, సమాజనిషేధము

రాజకీయములు నాటకములైనవనియు, వార్తలు వకీళ్ల వాదములైనవనియు, వినోదములు పిల్లలతో కూర్చుండి చూడదగనివైనవనియు మన పెద్దలు తరచుగా వాపోవుచుందురు. హైదరాబాదులోనేమి, అమెరికాలోని తెలుగువారి యిండ్లలోనేమి, యీ మాట వినిపించని పండుగపంక్తి లేదు. అమెరికాలో నీ ఫిర్యాదు ఒక వృత్తిగనే వర్ధిల్లినది. విలియం బక్లీ 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రికను స్థాపించిన నాటి నుండి అచ్చటి సంప్రదాయవాదులకు స్వంతవేదిక యేర్పడినది. వివాదాంశములపై ఉభయపక్షములకును తావీయవలెనని రేడియో, టెలివిజన్ కేంద్రములకు 1949 నుండి విధింపబడియుండిన నియమమును ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1987లో తొలగించెను. మరుసటి సంవత్సరమే రష్ లింబా రేడియో ప్రసంగములు దేశమంతట వ్యాపించినవి. 1996లో ఫాక్స్ న్యూస్ వెలసెను. వీరు చెప్పునది సంగ్రహముగా నొక్కటియే: పూర్వ మిట్లు లేదు.

నేనును పూర్వాచారములయం దాదరము గలవాడనే. కావుననే యీ వాక్యమును ప్రమాణములేక విడిచిపెట్టుట నాకు సమ్మతము గాదు. పూర్వము రాజు ప్రజలతో నెట్లు మాటలాడెను? యుద్ధవార్త యెట్లు వ్రాయబడెను? వినోదమును గూర్చి పాలకుడేమి తలచెను? ఈ మూడు ప్రశ్నలకును సాక్ష్యము దొరకు తావులు తక్కువ. మస్కి అట్టివానిలో నొకటి.

మస్కి రాయచూరు జిల్లాలోనిది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి పిమ్మట మైసూరు రాష్ట్రమున జేరినది. తుంగభద్ర యెడమ కాలువ క్రింద సేద్యమునకు వచ్చిన తెలుగు రైతుల ‘క్యాంపులు’ సమీపమందలి సింధనూరు ప్రాంతమంతట నుండుటచే నా చుట్టుప్రక్కల తెలుగుమాట క్రొత్తది కాదు. 1915లో నిజాము ప్రభుత్వపు గనుల యింజనీరగు బీడన్ అను నాతడు బంగారమును వెదకుచు బోయి యచ్చటి కొండపై నొక గుండున చెక్కబడిన యక్షరములను గనెను. ఆ సంవత్సరమే హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన తరువాత, శాసనములలోని ‘దేవానంపియ పియదసి’ అశోకుడేయని సింహళగ్రంథముల సాయముతో పండితులు నిశ్చయించియుండిరి. కాని శిలపై నా పేరు కానరాలేదు. మస్కి గుండుపై ‘అశోక’ నామము స్పష్టముగ నుండుటచే సందేహము తీరినది. పిదప గుజర్రాలోను, బళ్లారి ప్రాంతమందలి నిట్టూరు, ఉడెగోళములలోను నా పేరు దొరకినది గాన, మస్కిలో మాత్రమే కలదను పాత పాఠ్యపుస్తకముల వాక్యము నిపుడు సవరించుకొనవలసియున్నది.

ఈ శాసనమున రాజు తన గొప్పను చెప్పుకొనలేదు. తాను బుద్ధోపాసకుడై రెండున్నర యేండ్లకు పైగా నైనదనెను. మరియొక ప్రతియందు మొదట తాను చాలినంత పూనిక వహింపలేదనియు నొప్పుకొనెను. ఈ ఫలము గొప్పవారికే దక్కునని తలపరాదనియు, చిన్నవారికిని పెద్దవారికిని చెప్పవలెననియు మస్కి పాఠమున గలదు. తన లోపమును తానే ప్రకటించిన పాలకుని వాక్యము పూర్వమునను అరుదే. అంతమాత్రమున ప్రజలు రాజునోటి మాటనే వినిరని చెప్పవచ్చునా? శాసనభాష ప్రాకృతము, ఇచ్చటి పల్లెవారి భాష అది కాదు, లిపి యెరిగినవారు బహుకొద్దిమంది. మన కర్నూలు జిల్లాలోని యెర్రగుడి చిన్న శాసనమున, రజ్జుకుడను నధికారికి ఆజ్ఞ నీయవలెననియు, ఆతడు భేరి మ్రోగించి జనపదమున కెరిగింపవలెననియు నున్నది. అనగా జనులు విన్నది భేరిని, రజ్జుకుని వ్యాఖ్యానమును. నేటి సాయంకాలపు టెలివిజన్ వ్యాఖ్యాతకు పూర్వికుని వెదకువారు మరెక్కడికిని పోనక్కరలేదు.

ఇక వార్త సంగతి. మస్కికి మధ్యయుగమున మొసంగియని పేరు; జయసింహుని కాలపు శాసనమొకటి దీనిని రాజధానియగు పిరియమొసంగిగా పేర్కొన్నది. క్రీ.శ. 1021 ప్రాంతమున రాజేంద్రచోళునకును, కల్యాణి చాళుక్యుడగు రెండవ జయసింహునకును మూసంగి (ముయంగి) యొద్ద యుద్ధము జరిగెను. ఆ మూసంగి మస్కియేయని పలువురు పండితుల యభిప్రాయము; కొందరు మరియొక స్థలమును జూపిరి. నా మతమున స్థలనామసామ్యమును, తుంగభద్రకు సమీపమున నుండుటయు మస్కికే యనుకూలములు. చోళుని ప్రశస్తిని జూచినచో జయసింహుడు భయపడి వెన్నుజూపి దాగుకొనెను. ఏడున్నర లక్షల రట్టపాడియు, రాశులకొలది ధనమును చోళునకు లభించెను. ఇదే జయసింహుని 1024 నాటి మిరజ్ తామ్రశాసనమును జూచినచో పంచద్రావిడాధిపతియగు బలవంతుడైన చోళుని తరిమివేసినవాడు జయసింహుడే!

ఇర్వురును నోడిపోలేదు. ఇర్వురును గెలిచిరి. మరి యథార్థమేది? మూసంగి పిమ్మటను ఆ నాడు జయసింహుని పాలనయందే నిలిచినది. తుంగభద్రయే యుభయరాజ్యములకును ఎల్లగ నుండిపోయినట్లు చరిత్రకారులు చెప్పుదురు. కాన చోళుడు పోరాటమున గెలిచియుండవచ్చును గాని దేశమును నిలుపుకొనలేదు. చాళుక్యుడు వెనుకంజ వేసియుండవచ్చును గాని యెల్లను విడువలేదు. రెండు ప్రశస్తులలోను అసత్యము కంటె అర్ధసత్యమే యెక్కువ. అర్ధసత్యమును ఖండించుట అసత్యమును ఖండించుట కంటె కష్టము.

ఈ వార్త తెలుగువారికి పరాయిది గాదు. వేంగీసింహాసనమునకు రాజేంద్రుని మేనల్లుడగు రాజరాజనరేంద్రుడును, అతని సవతి తమ్ముడగు విజయాదిత్యుడును పోటీపడుచుండగా జయసింహుడు విజయాదిత్యుని పక్షము వహించెను. మూసంగి పోరు, వేంగిపోరు నొక్క కలహమునకు రెండు ముఖములు. 1022లో రాజరాజు పట్టాభిషిక్తుడయ్యెను. నన్నయభట్టు ఆశ్రయించినది యీ రాజునే. నాడు వేంగిలోని యొక గృహస్థునకు మూసంగి వార్త యెట్లు చేరెనో యూహింపుడు. ఏ ప్రశస్తిని నమ్మవలెనో ఆతడు తన యూరిలో నెవ్వని దండు విడిసియున్నదో చూచి నిర్ణయించుకొనియుండును. చోళప్రశస్తి విశేషమేమన, గుడిగోడలపై నదే పాఠము, అవే విశేషణములతో, ఊరూరను చెక్కబడుట. దానధర్మముల వివరము వేరైనను ముందుభాగ మొక్కటియే. ఒకే వాక్యమును పదిచోట్ల విన్నవానికి పదిమంది సాక్షులు చెప్పినట్లు తోచును. ఉన్నది యొక్క సాక్షియే. అమెరికాలో రెండుపక్షముల వార్తాకేంద్రములును నీ యుపాయమునే వాడుచున్నవి. ‘మా ప్రత్యర్థులే వాడుచున్నారు’ అని రెండును చెప్పును గాన, ఆ యొక్క విషయమున మాత్రము రెండును సగము నిజమే చెప్పుచున్నవి.

వినోదమును గూర్చిన వాదము దీనికంటెను పాతది. యెర్రగుడి మొదలగు చోట్లనున్న మొదటి శిలాశాసనమున అశోకుడు ‘సమాజము’లను చేయరాదనెను. సమాజమనగా నాడు జనులు గుమిగూడి యాటపాటలతో, విందులతో జరుపుకొను నుత్సవము. వానియందు రాజు పెక్కు దోషములను జూచుచున్నాడని శాసనము. (ఈ సంచికను ప్రకటించు సంఘము గూడ నొక సమాజమే, వార్షికోత్సవమున విందును, నృత్యమును నుండుట యెల్లరెరిగినదే. అశోకుని కాలమున లేకపోవుట మన యదృష్టము.) సంప్రదాయవాదు లీ వాక్యమును జూచి సంతసింతురు. కాని శాసన మచ్చట నాగలేదు. కొన్ని సమాజములు మంచివనియు రాజు తలచుచున్నాడని వెంటనే యున్నది. ఏవి మంచివో చెప్పలేదు. నాల్గవ శాసనమున రాజే ప్రజలకు విమానములను, ఏనుగులను, అగ్నిరాశులను, ఇతర దివ్యరూపములను ప్రదర్శింపజేసెనని యున్నది. భేరీఘోషము ధర్మఘోషమైనదనియు నచ్చటనే కలదు. ప్రజల వేడుక దోషము, రాజు వేడుక ధర్మము అన్నట్లు కనబడుచున్నది గదా! నిషేధించు చేతిలోనే ప్రదర్శించు నధికారము నుండుట యిచ్చటి చిక్కు. దీనిని మన పండితులు గమనింపకపోలేదు గాని మెత్తగా దాటిపోయిరి.

కౌటిల్యుని పేర నున్న అర్థశాస్త్రము మరింత నిర్మొగమాటముగ మాటలాడినది. పల్లెలలో విహారశాల లుండరాదట. నటులు, నర్తకులు, గాయకులు, కథకులు పల్లెవారి పనులకు విఘ్నము కలిగింపరాదట. కారణము నీతి కాదు. రైతు పొలముననే యున్నచో కోశమును, ధాన్యమును పెరుగును. నీతిపేర జరుగు నిషేధముల వెనుక నిట్టి లెక్క యొకటి యుండునేమో చూడవలెనని యీ గ్రంథము నేర్పుచున్నది. 1876 నాటి నాటకప్రదర్శనల చట్టము సభ్యతను కాపాడుటకనియే చెప్పబడెను. కాపాడబడినది దొరల గౌరవము. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ చిత్రమునకు జమీందారుల వలన నభ్యంతరములు వచ్చి కొన్నిచోట్ల ప్రదర్శన నిలిచిపోయెను. అచ్చట సభ్యతకు భంగమేమియు లేదు. రైతుల మాట యుండెను. ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు ప్రోద్బలకుడు చల్లపల్లి జమీందారుగారే యగుట మరియొక విచిత్రము. అర్ధసత్యములతో మాత్రము కథ నడవదు, అర్ధవిరోధములును నుండును.

ఇట్లన్నందున సంప్రదాయవాదుల మాట యంతయు త్రోసివేయదగినదని నే ననుట లేదు. బాలురకు తగని దృశ్యములు నడింటిలోనికి వచ్చుచున్నవను ఆవేదన నిజమైనది. అమెరికన్ చలనచిత్రములకు 1934 నుండి కఠినముగ నమలు జరిగిన నియమావళి 1968లో తొలగి వయోవిభాగపద్ధతి వచ్చిన పిదప, నిషేధభారము తలిదండ్రులపై బడినది. పగలంతయు నుద్యోగమున నుండు తల్లిదండ్రుల కది చిన్న భారము గాదు. పరదేశమున నున్న తెలుగు కుటుంబముల కంతకంటెను గాదు. నా యాక్షేపణ యొక్కటియే. నాటకమును నిందించువారు తమ నాటకమును లెక్కలో వేయరు. రాజకీయము రంగస్థలమైనదని చింతించిన పక్షమే 1980లో చలనచిత్రనటుడగు రొనాల్డ్ రీగన్‌ను, 2016లోను 2024లోను టెలివిజన్ కార్యక్రమముతో నింటింటను పరిచితుడైన డొనాల్డ్ ట్రంప్‌ను నధ్యక్షులుగ గెలిపించుకొన్నది. మనమును నవ్వరాదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారికి, రాముడుగ, కృష్ణుడుగ తెరపై గడించిన యాదరము తోడ్పడలేదని చెప్పువారెవ్వరు? నటుడు పాలకుడగుట దోషమని నేననను. అది మనవానియెడ గుణమును, పరునియెడ పతనమును నెట్లగునో చెప్పవలసినవారు చెప్పుట లేదు.

అశోకుని యాక్షేపమును, నేటి యాక్షేపములను వేరుచేయునది సమాజనిషేధవాక్యమునకు ప్రక్కననే యున్నది. పూర్వము తన వంటశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇపుడు రెండు నెమళ్లును, ఒక లేడియు మాత్రమే చంపబడుచున్నవనియు, ఆ లేడియు నిత్యము గాదనియు, ముందు ముందు అవియు చంపబడవనియు రాజు చెక్కించెను. లక్షలన్నది యతిశయోక్తి కావచ్చును. మూడను లెక్క మాత్రము అతిశయోక్తి కాదు. తన యింటి లోపమును లెక్కతో సహా శిలపై నుంచినవాడు గాన పరుల విందును విమర్శించు నర్హత ఆతనికి కొంత కలదు. అట్టి వంటశాల లెక్కను జూపిన వ్యాఖ్యాతను నే నేపక్షమునను చూడలేదు.

అశోకుని పండ్రెండవ శాసనము వాక్సంయమమును గూర్చినది. సందర్భము లేక తన మతమును పొగడరాదనియు, పరమతమును తెగడరాదనియు, తనవారియం దభిమానముచే పరులను నిందించువాడు తనవారికే యెక్కువ హాని చేయుచున్నాడనియు దాని సారము. యెర్రగుడిలో నిది యున్నది. మస్కికి ఉత్తరమున, కలబురగి జిల్లాలోని సన్నతిలో నీ శాసనమే మరియొక రాతిపలకపై దొరకినది. చంద్రలాంబాలయప్రాంగణమందలి కాళికాలయమున దేవతావిగ్రహమునకు పీఠముగ నా పలకను వాడిరి. విగ్రహమును నిలుపుటకై నడుమ తొలిచిన రంధ్రమున కొన్ని యక్షరములు పోయినవి, తక్కినవి చదువవచ్చును.